పచ్చబడ్డ నీళ్ళకు సముద్రపు నాచు మందవుతుందా? మా గుంటల్లోనే పరీక్షించి చెప్పండి

చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అధికారులకు, ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ ‘సీబా’ శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

నేను పెరంబూరులో ఉంటాను, స్కూల్లో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లాలో, సముద్రం ఒడ్డున ఉన్న ఊరిలో. మా నాన్న రొయ్యల రైతు. ఇప్పుడు ఆ గుంటలు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. మీ ఆఫీసులు మా ఇంటికి గంట దూరం. మీ మాట చేరాల్సిన గుంటలు మాత్రం నాలుగు గంటల దూరంలో ఉన్నాయి. నాకు రెండు వైపులా రాకపోకలు ఉన్నాయి కాబట్టి ఈ లేఖ రాసే బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను.

పోయిన నెల మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. లీటరు డబ్బా. దాని మీద ‘సముద్రపు నాచు సారం, నీలి ఆకుపచ్చ పాచిని సహజంగా అరికడుతుంది’ అని రాసి ఉంది. ఫోటో కింద ఒక్క వాయిస్ మెసేజ్: “అక్కా, ఇది నిజంగా పనిచేస్తుందా? షాపులో మైలుతుత్తం కంటే మంచిదంటున్నారు. నువ్వు చెన్నైలోనే ఉన్నావు కదా, తెలిసినవాళ్ళని ఎవరినైనా అడిగి చెప్పు.”

అప్పటి నుంచి దొరికినంత చదివాను. నాకు అర్థమైనంతవరకు ఈ విషయంలో నిజం ఉంది, ఆశ కూడా ఉంది. కానీ మా తమ్ముడికి “వెయ్యి” అనో “వద్దు” అనో చెప్పడానికి సరిపడా సమాచారం ఎక్కడా లేదు. అది చెప్పగలిగినవాళ్ళు మీరే.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ఆ పేరు వింటే మా ఇంట్లో ఇప్పటికీ అందరూ కాసేపు మాట్లాడరు. కారణం చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, వనామీ రకం రొయ్య మా వైపు కొత్తగా వచ్చిన రోజుల్లో, వేసవి పంటలో మా పెద్ద గుంట నీళ్ళు పచ్చ పెయింటు కలిపినట్టు అయిపోయాయి. గాలి వీచిన వైపు మూలలో మీగడలా తెట్టె కట్టింది. చెయ్యి ముంచితే మోచేయి కనిపించేది కాదు. ఒక షాపులో ఎకరాకు ఎనిమిది కిలోల మైలుతుత్తం కొట్టమన్నారు. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం, ఆ రోజుల్లో చాలామంది చెప్పిన మాటే అది. నాన్న పొద్దున్నే కొట్టించారు. సాయంత్రానికి నీళ్ళు తేటబడటం మొదలైంది. నాన్న సంతోషంగా ఫోన్ చేసి నాకు చెప్పారు కూడా.

మర్నాడంతా మబ్బు పట్టింది. ఆ రాత్రి రెండున్నర ప్రాంతంలో కాపలా మనిషి కేకలు పెట్టాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. అయినా రొయ్యలు గట్టు అంచుకు వచ్చి, మీసాలు పైకి పెట్టి తేలుతున్నాయి. నాన్న టార్చ్ పట్టుకొని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిపోయారట. తెల్లారేసరికి అడుగున తెల్లగా పరుచుకొని ఉన్నాయి. మిగిలినవాటిని ఆ పూటే పట్టించి వచ్చిన రేటుకు ఇచ్చేశారు. ఆ పంట అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది.

కెమిస్ట్రీ చెప్పుకునే దాన్ని కాబట్టి ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత నాకు అర్థమైంది. రాగి పాచిని చంపింది, అందులో సందేహం లేదు. చచ్చిన పాచి అంతా అడుగుకు దిగింది. దాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా నీళ్ళలోని ఆక్సిజన్ మొత్తం లాగేసింది. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచి లేదు, మబ్బుతో ఎండ కూడా లేదు. రొయ్యలకు ఊపిరి ఆడలేదు. పైగా మోతాదు లెక్క కూడా తప్పే. మైలుతుత్తం ఎంత వెయ్యాలనేది నీటి ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే క్షార గుణాన్ని, బట్టి ఉంటుంది. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఉందో దాన్ని వందతో భాగించాలనేది చెరువుల శాస్త్రంలో పాత సూత్రం. ఆల్కలినిటీ 100 ఉంటే మీటరు లోతున్న ఎకరా గుంటకు వచ్చే లెక్క దాదాపు నాలుగు కిలోలు. మా గుంటలో ఆల్కలినిటీ ఎంతుందో ఎవరూ చూడలేదు. చూడాలని నాన్నకు చెప్పినవాళ్ళు లేరు.

ఈ కష్టం మా ఒక్కరిదే కాదని తర్వాత తెలిసింది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయరులో పాచి పెరిగిందని కాపర్ సల్ఫేట్ వేశారు. కొద్ది రోజులకే 148 మంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ళలో 138 మంది పిల్లలే. పాచి కణాలు పగిలినప్పుడు లోపల ఉన్న విషం నీళ్ళలో కలిసిపోవడమే దీనికి కారణమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అంతకు ముందు, 1957లో, అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో రెడ్ టైడ్ (సముద్రంలో పాచి విపరీతంగా పెరిగి నీళ్ళు ఎర్రబడటం) మీద విమానాలతో కాపర్ సల్ఫేట్ చల్లి చూశారు. పాచి పోయింది. కొన్ని వారాల్లోనే మళ్ళీ వచ్చింది. రాగి మాత్రం ఎక్కడికీ పోదు. గుంట అడుగు బురదలో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది.

అందుకే ‘సహజం’ అని రాసి ఉన్న డబ్బా చూడగానే మా తమ్ముడికి ఆశ పుట్టింది. ఆ ఆశలో తప్పు లేదు.

సముద్రపు నాచు సంగతికి వస్తాను. కోవళం రాళ్ళ మీద, కాసిమేడు వైపు అలలకు అడ్డంగా వేసిన బండల మీద, పాలకూర ఆకులా పల్చగా అంటుకొని ఉండే పచ్చని నాచును చెన్నైలో చూడనివాళ్ళు ఉండరు. దాని పేరు ఉల్వా. ఆ జాతి నాచు పక్కన సూక్ష్మమైన పాచి కణాలు సరిగా పెరగవని చాలాకాలంగా గమనించారు. ఒక కారణం తేలికైనదే. నత్రజని, భాస్వరం రెంటికీ కావాలి, పెద్ద నాచు ముందు లాక్కుంటుంది. రెండో కారణం దాని ఒంట్లోంచి వచ్చే పదార్థాలు. 2000 తర్వాత జపాన్‌లో శాస్త్రవేత్తలు ఉల్వా నుంచి కొన్ని కొవ్వు ఆమ్లాలను విడదీశారు. వాటిలో ఒకటి మనం అవిసె గింజల నూనెలో తినే ఆల్ఫా లినోలెనిక్ యాసిడ్. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము ప్రాంతంలోనే అవి హెటెరోసిగ్మా అనే రెడ్ టైడ్ కణాలను చంపగలిగాయి. కణం చుట్టూ ఉండే పల్చటి పొరలోకి ఈ కొవ్వు ఆమ్లాలు చొరబడి దాన్ని చెడగొడతాయి. అక్కడే, 2003లో, కురోమే అనే గోధుమ రంగు నాచులోని ఫ్లోరోటానిన్లు కూడా రెడ్ టైడ్ తెచ్చే కొన్ని జాతులను చంపుతాయని చూపించారు. టీ డికాక్షన్‌లో వగరు తెచ్చేవి కూడా టానిన్లే. ఆ కుటుంబానికి సముద్రంలోని బంధువులు ఇవి.

ఈ పదార్థాల్లో నాకు బాగా నచ్చినది, అవి నీళ్ళలో ఎక్కువ కాలం నిలవకపోవడం. ఎండకు, గాలికి, బ్యాక్టీరియాకు విరిగిపోతాయి. రాగిలా బురదలో మిగిలిపోవు. కానీ అదే గుణం రైతుకు ఖర్చు. ఇవాళ వేసింది ఎల్లుండికి ఉండదు, మళ్ళీ వెయ్యాలి.

ఇప్పుడు మా తమ్ముడి లీటరు డబ్బా లెక్క చూద్దాం. మీటరు లోతున్న ఎకరా గుంటలో నలభై లక్షల లీటర్ల నీళ్ళుంటాయి. ల్యాబ్‌లో శుద్ధి చేసిన కొవ్వు ఆమ్లం లీటరుకు ఒక మిల్లీగ్రాము కావాలంటే, ఎకరాకు నాలుగు కిలోల శుద్ధమైన పదార్థం కావాలి. డబ్బాలో ఉన్నది లీటరు ద్రావణం. అందులో అసలు సరుకు ఎంత శాతమో లేబుల్ మీద లేదు. ఒకవేళ శుద్ధి చెయ్యకుండా ఎండబెట్టిన నాచు పొడినే వాడి, లీటరుకు ఒక్క గ్రాము చొప్పున వేశామనుకోండి. ఎకరాకు నాలుగు టన్నుల పొడి! ఆ నాలుగు టన్నులు గుంటలోనే కుళ్ళాలి. కుళ్ళితే ఆక్సిజన్ ఏమవుతుందో మా నాన్న టార్చ్ వెలుగులో చూశారు.

ఈ లెక్క నేను కాగితం మీద ఐదు నిమిషాల్లో వేశాను. ఇది తప్పయితే సరిదిద్దండి, సంతోషిస్తాను. ఒప్పయితే ఇలాంటి డబ్బాలు ఏ ఆధారంతో అమ్ముతున్నారో అడిగే అధికారం మీకే ఉంది.

ఇంకో చిక్కు, ఏ పాచి అనేది. జపాన్, కొరియా, చైనాల్లో జరిగిన పరీక్షల్లో ఎక్కువ భాగం సముద్రంలో రెడ్ టైడ్ తెచ్చే జాతుల మీద జరిగినవి. హెటెరోసిగ్మా లాంటి కణాలకు గట్టి గోడ ఉండదు, పల్చటి పొర మాత్రమే ఉంటుంది కాబట్టి తొందరగా పగులుతాయి. మా గుంటల్లో ఉప్పు తగ్గినప్పుడు వచ్చే నీలి ఆకుపచ్చ పాచి అలా కాదు. మైక్రోసిస్టిస్ లాంటివి జిగురు పొరలో గుంపులు గుంపులుగా ఉంటాయి. జపాన్ కణాన్ని చంపిన మోతాదు వీటిని తాకుతుందో లేదో మా నీళ్ళలో చూస్తేనే తెలుస్తుంది. ఒకవేళ తాకి పగలగొట్టినా, లోపలి విషం బయటికి వస్తుంది కదా? పామ్ ఐలాండ్‌లో జరిగిందదే. చంపిన వస్తువు రాగా నాచా అన్నది విషానికి తెలియదు.

పైగా గుంటలో ఉన్న పాచి అంతా శత్రువు కాదు. ఇది మీకు చెప్పాల్సిన పని లేదు, కానీ డబ్బాలు అమ్మేవాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు బెల్లం, తవుడు, పేడ వేసి నీళ్ళకు రంగు తెప్పించేదే రైతు. లేత గోధుమ రంగు నీళ్ళంటే డయాటమ్‌లు అనే మేలు చేసే సూక్ష్మమైన పాచి ఉందని అర్థం, అది మంచి నీరు. పిల్ల రొయ్యకు మొదటి మేత, పగలు ఆక్సిజన్, ఎండ అడుగుకు దిగకుండా నీడ, అన్నీ దాని నుంచే. నాచు సారం చెడ్డ పాచితో పాటు ఆ డయాటమ్‌లను కూడా చంపితే రైతుకు మిగిలేది ఏమీ లేదు. కొవ్వు ఆమ్లాలు మోతాదు మించితే చేపల మొప్పలకు, సూక్ష్మ జీవులకు కూడా హాని చేస్తాయి. సహజంగా దొరికే ప్రతిదీ మందు కాదు. ఉమ్మెత్త కూడా సహజంగానే పెరుగుతుంది.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ఇది శాస్త్రవేత్త అభిప్రాయం కాదు, గుంటల గట్ల మీద పెరిగిన మనిషి అభిప్రాయం. నాచును పిండి డబ్బాలో పోసి తెచ్చేదానికంటే, బతికున్న నాచును గుంట పక్కన పెంచడం మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది. రొయ్యకు వేసే మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతుకు అటూ ఇటూగా మాత్రమే. మిగతాదంతా నీళ్ళలోకి, బురదలోకి పోతుంది. పాచికి తిండి అదే. ఆ తిండిని ఎవరో ఒకరు తినెయ్యకపోతే ఏ మందు వేసినా పాచి మళ్ళీ వస్తుంది. అథారిటీ నిబంధనల ప్రకారం పెద్ద ఫారాలకు మురుగునీటిని శుభ్రం చేసే చెరువు ఎలాగూ ఉండాలి. ఆ చెరువులో తాళ్ళకు గ్రాసిలేరియా అనే ఎర్ర నాచు కట్టి, వలల్లో ఉల్వా వేసి పెంచితే నత్రజని, భాస్వరం అదే తాగుతుంది, దాని ఒంటి నుంచి వచ్చే పదార్థాలు పాచిని కూడా కొంత ఆపుతాయి. చైనా దక్షిణ తీరంలో గ్రాసిలేరియాను పెద్ద ఎత్తున పెంచి నీళ్ళు తేటబరుస్తున్నారు. మీ రంగంలో ఇది కొత్త మాట కాదు. ఇంగ్లండ్‌లో చెరువుల్లో బార్లీ గడ్డి మోపులు వేసే పద్ధతి కూడా ఇలాంటిదే. అది ఉన్న పాచిని చంపదు, ముందుగా వేస్తే కొత్త పాచి పెరగకుండా ఆపుతుందని చెబుతారు. వచ్చాక చంపడం కంటే రాకుండా చూసుకోవడం తేలిక. ఆక్సిజన్ కూడా పడిపోదు.

కానీ మా వైపు ఏప్రిల్, మే ఎండలకు ఆ నాచు తట్టుకుంటుందా? వర్షాలు పడి ఉప్పు ఐదు పీపీటీకి, అంటే లీటరుకు ఐదు గ్రాములకు, పడిపోయినప్పుడు బతుకుతుందా? ఏ జాతి మా నీళ్ళకు సరిపోతుంది? ఇవి చెప్పలేకపోతే రైతు మరో కొత్త ఖర్చులో ఇరుక్కుంటాడు.

నాచును తేలిగ్గా తీసుకోకూడదని మన తీరమే నేర్పింది. రామేశ్వరం దగ్గరి మండపం వైపు కప్పాఫైకస్ అనే విదేశీ నాచు సాగు మొదలైన కొన్నేళ్ళకే, 2008 ప్రాంతంలో, అది కురుసడై దీవి దగ్గర పగడాల మీద దుప్పటిలా పరుచుకోవడం కనిపించింది. అదే ఏడాది చైనాలోని చింగ్‌దావ్ తీరం మొత్తం ఉల్వాతో పచ్చగా నిండిపోతే, ఒలింపిక్స్ పడవ పందేలకు అడ్డు రాకుండా వేలమంది కలిసి ఎత్తిపోశారు. పాచిని ఆపుతుందని మనం చెప్పుకుంటున్న నాచే అక్కడ బెడద అయింది. అందుకే ఏ నాచు పెంచినా ఇక్కడి తీరంలోదే పెంచాలి, కాలువలోకి పోకుండా వల కట్టాలి. ఇంకో మాట. రామనాథపురం జిల్లాలో మునిగి చేత్తో నాచు కోసి బతికే ఆడవాళ్ళు ఉన్నారు. డబ్బా వ్యాపారం పెరిగి, సముద్రంలో పెరిగిన నాచునంతా గీకేస్తే ముందు దెబ్బ తినేది వాళ్ళ బతుకే, చేపపిల్లలు దాక్కునే చోటే. నాచు నుంచి జిగురు తీసే అగర్ ఫ్యాక్టరీల్లో మిగిలే పిప్పి నుంచి, సాగు చేసిన నాచు నుంచి తయారు చెయ్యగలిగితేనే ఈ దారి మంచిది.

సముద్రం సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో ఈ మాట ఎత్తగానే అందరూ బీచ్ గురించే అడుగుతారు. 2019 ఆగస్టులో ఒక రాత్రి ఇక్కడి తీరంలో అలలు నీలంగా మెరిశాయి. నేను కూడా పిల్లల్ని తీసుకొని తిరువాన్మియూరు వెళ్ళాను. అందంగా ఉంది. అది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి. దానికి విషం లేదు, కానీ కణాల్లో అమ్మోనియా దాచుకుంటుంది. గుంపు ఎక్కువైతే ఆక్సిజన్ పడిపోతుంది. ఆ తర్వాతి నెలల్లో మన్నార్ గల్ఫ్‌లో నీళ్ళు పచ్చబడి చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2004లో కేరళ తీరంలో ఇలాంటి పాచి వాసనకు రెండు వందల మందికి పైగా జబ్బు పడ్డారు, పిల్లలే ఎక్కువ. 1981లో తమిళనాడులో విషం పట్టిన ఆలిచిప్పలు తిని ముగ్గురు చనిపోయారు. సముద్రం మీద నాచు సారం చల్లి ఇలాంటివాటిని ఆపగలమని నేను అనుకోను. అక్కడ మనకు కావాల్సింది ముందస్తు హెచ్చరిక. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో పాచి గుంపులను చూసి సమాచారం ఇస్తోంది. అది మత్స్యకారుల ఫోన్లకు తెలుగులో, తమిళంలో సకాలంలో చేరితే చాలు. నాచు పదార్థాల పరీక్ష మొదలు కావాల్సింది నాలుగు గట్ల మధ్య ఉన్న నీళ్ళలో. తప్పు జరిగినా అక్కడే ఆగుతుంది.

తాగునీటి రిజర్వాయర్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళవద్దని వేడుకుంటున్నాను. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే నీళ్ళు పూండిలో చేరి మా ఇంటి కుళాయికి వస్తాయి. ఆ నీళ్ళ మీద ప్రయోగం చేసే దశ ఇంకా రాలేదు.

ఇక నేను అడిగేది. వచ్చే పంటకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొన్ని గుంటలు తీసుకొని పరీక్ష పెట్టండి. ఒకే నీళ్ళు, ఒకే సీడ్, ఒకే మేత. కొన్నిటిలో నాచు సారం, కొన్నిటిలో బతికున్న నాచు, కొన్నిటిలో ఏమీ వెయ్యకుండా. ఏమీ వెయ్యని గుంట తప్పకుండా ఉండాలి. మా ఊళ్ళో ఒక మందు పనిచేసిందని చెప్పుకునేవన్నీ చాలాసార్లు వాతావరణం మారినందువల్ల పనిచేసినవే. రోజూ తెల్లవారుజామున మూడింటికి ఆక్సిజన్ చూడండి. పగలు పదింటికి చూస్తే అన్ని గుంటలూ ఆరోగ్యంగానే ఉంటాయి. పాచి ఎంత తగ్గిందనే కాదు, ఏ పాచి తగ్గింది, డయాటమ్‌లు మిగిలాయా, విషం నీళ్ళలో కలిసిందా, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా పెరిగిందా, పట్టుబడికి రొయ్యకు మట్టివాసన ఉందా, ఇవన్నీ రాయండి. ఎకరాకు ఎంత ఖర్చయిందో కూడా రాయండి. ఫలితం బాగా లేకపోతే అది కూడా దాచకుండా చెప్పండి. “ఇది మా గుంటల్లో పనిచెయ్యదు” అన్న ఒక్క పేజీ కూడా రైతుకు వేల రూపాయలు మిగులుస్తుంది.

గుంటల్లో వాడే సరుకుల్లో నిషేధించిన యాంటీబయాటిక్స్ లేవని చూసి రిజిస్టర్ చేసే పని అథారిటీది. అది మంచి పని, ఎగుమతులు నిలబడింది కూడా అలాంటి నిబంధనల వల్లే. కానీ రైతుకు ఆ తేడా తెలియదు. డబ్బా మీద రిజిస్టర్ నంబరు కనిపిస్తే ప్రభుత్వం ‘పనిచేస్తుంది’ అని చెప్పినట్టే అనుకుంటాడు. మా తమ్ముడూ అలాగే అనుకున్నాడు, వాడు డిగ్రీ చదివినవాడు. పాచిని అరికడుతుందని లేబుల్ మీద రాసుకోవాలంటే ఏ జాతి పాచి మీద, ఎంత మోతాదులో, ఎంత ఉప్పు ఉన్న నీళ్ళలో పరీక్షించారో అక్కడే రాసి ఉండాలని ఒక నియమం పెట్టండి. ఆ రాత తెలుగులో ఉండాలి. దేశంలో రొయ్యలు ఎక్కువగా పెంచేది ఆంధ్రప్రదేశ్‌లోనే. డబ్బా మీద రేటు చదవగలిగిన రైతు మోతాదు చదవలేకపోవడం న్యాయం కాదు.

ఇంకొకటి, ఇది చిన్న ఖర్చు. మండలానికి ఒక మైక్రోస్కోప్, దాన్ని చూడటం వచ్చిన ఒక మనిషి. గుంట పచ్చబడిన రోజు రైతు సీసాలో నీళ్ళు తెస్తే ఏ పాచో గంటలో చెప్పగలగాలి. ఇప్పుడు ఆ పని షాపు కౌంటర్ దగ్గర రంగు చూసి జరుగుతోంది. ఏ పాచో తెలియకుండా నాచు సారం వేసినా, మైలుతుత్తం వేసినా చీకట్లో రాయి విసిరినట్టే.

మా తమ్ముడితో మాట్లాడాకే ఈ చివరి మాట రాస్తున్నాను. పరీక్షకు మా గుంటలు రెండు, ఒక్కొక్కటి ఎకరా, మీకు ఇస్తాం. పక్కపక్కనే ఉన్నాయి, ఒకే కాలువ నీళ్ళు. ఏరేటర్ల కరెంటు, కాపలా మనిషి జీతం మావి. రొయ్యలు పోతే మిమ్మల్ని నష్టపరిహారం అడగబోమని రాసిస్తాం. అమ్మ మొదట ఒప్పుకోలేదు, ఆ రాత్రి సంగతి ఆమెకు గుర్తుంది. నాన్న మాత్రం ఒక్కటే అడిగారు, రాత్రిపూట ఆక్సిజన్ చూసేటప్పుడు తనను కూడా పిలవాలని. ఆయనకు డెబ్బై రెండేళ్ళు, మూడింటికి లేవగలరు.

ఫిబ్రవరిలో సీడ్ వదులుతాం. గుంటలు ఎండబెట్టి సున్నం చల్లే పని జనవరిలో మొదలవుతుంది. అప్పటికి మీ నుంచి కబురు వస్తే చాలు.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు కూతురు,
పెరంబూరు, చెన్నై